భాష నేర్చుట, మాట వినుట: న్యూజీలండు క్రైస్తవసంఘచరిత్రము

ఒకరి భాష నేర్చుట వేఱు. వారి మాట వినుట వేఱు. మొదటిది శ్రమసాధ్యము. వ్యాకరణమును నిఘంటువును ముందుంచుకొని కొన్ని వత్సరములు కూర్చున్నవానికి నది లభించును. రెండవదానికిఁ బుస్తకము చాలదు. ఎదుటివాఁడు చెప్పినది మనకుఁ బ్రతికూలమైనప్పుడును దానికిఁ గట్టుపడుటకు సిద్ధముగా నున్నచో నది శ్రవణమగును. లేనిచో శబ్దము చెవినిఁ బడుట మాత్రమే యగును. ఈ భేదము న్యూజీలండు ద్వీపములందలి క్రైస్తవసంఘచరిత్రమునఁ గానవచ్చినంత స్పష్టముగా మఱియొకచోఁ గానవచ్చుట యరుదు. అచ్చటికి వచ్చిన ఆంగ్లేయ మతబోధకులు మావోరీజాతివారి భాషను మిక్కిలి శ్రద్ధతో నేర్చిరి. దానికి లిపి గూర్చిరి. వ్యాకరణమును నిఘంటువును రచించిరి. అయినను 150 సంవత్సరములదాఁక ఆ జాతివారు చెప్పుచున్న మాట వారికి వినఁబడలేదు. ఏల వినఁబడలేదు, పిమ్మట నెట్లు వినఁబడఁజొచ్చెను అనునది యీ వ్యాసమున విచారింపఁబడును.

దీనితో నాంధ్రపాఠకులకు సంబంధమేమని కొంద ఱడుగవచ్చును. 1799లో లండనున స్థాపితమై న్యూజీలండునకు బోధకులను బంపిన చర్చి మిషనరీ సంఘమే 1841లో రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు అనువారిని మచిలీబందరునకుఁ బంపినది. బందరులోని నోబిలుగారి పాఠశాల 1843లోఁ బుట్టినది. సంఘ మొక్కటే, కాల మించుమించుగ నొక్కటే, తీరములు రెండు. కాని గొప్ప భేద మొకటి కలదు. బందరునకు వచ్చినవారు పాఠశాల పెట్టిరి, ప్రార్థనామందిరము కట్టిరి. వారి వెనుక నిచ్చటి పొలములను దున్నుకొని కాపురముండుటకై ఆంగ్లేయ కుటుంబములు ఓడలు నిండ రాలేదు. న్యూజీలండునకు వచ్చినవి. బోధకుని వెనుక వలసదారుఁడును, వలసదారుని వెనుక సైనికుఁడును నిలిచిన దేశమున బోధకుని వాక్కునకుఁ గలిగిన గతి యెట్టిదో చూతము.

లిపియు వ్యాకరణమును

న్యూజీలండును మావోరీలు ఆవొతెయారోవ యందురు. 1814 డిసెంబరు 25వ తేదిని ఆ దేశపు టుత్తరభాగమున, ఓయిహి యను సముద్రతీరగ్రామమున, సామ్యుయేలు మార్స్‌డెను మొదటి క్రైస్తవారాధనమును జరపెను. ఆయనకు స్థలమిచ్చినవాఁడును, కూడిన జనులకు విషయమును వారి భాషలోఁ దెలిపినవాఁడును రువతర యను స్థానిక నాయకుఁడు. ఇది గమనింపఁదగిన సంగతి. ఆ దేశమున క్రైస్తవమతము అతిథిగాఁ బ్రవేశించినది. అచ్చట నిలిచిపోయిన కెండలు, హాలు, కింగు అనువారి కుటుంబములు నాయకుల రక్షణముననే దినములు గడపినవి. అతిథి గృహస్థుని మాట వినక తప్పదు. వినకున్నఁ గూడు దొరకదు. కావున మొదటి దినములలోని శ్రవణమును ధర్మమనుటకంటె నవసరమనుటయే సత్యమునకు దగ్గఱ.

ఆ మువ్వురిలోఁ దామసు కెండలు భాషాభ్యాసమునం దాసక్తి కలవాఁడు. 1815లో నాతఁడు కూర్చిన చిన్న వాచకము సిడ్నీనగరమున ముద్రితమయ్యెను. మావోరీభాషలో నచ్చుపడిన మొదటి పుస్తక మదియే. 1820లో హొంగి హిక, వైకతొ యను నిద్దఱు నాయకులతోఁ గూడ నాతఁ డింగ్లండునకుఁ బోయెను. అచ్చటఁ గేంబ్రిడ్జి పండితుఁడగు సామ్యుయేలు లీ యా మువ్వురి సాహాయ్యమున నా భాషకు వ్యాకరణమును బదసంగ్రహమును సిద్ధపఱచెను. ఆ భాషయందలి ధ్వనులు కొలఁదివే: హ్రస్వదీర్ఘభేదముతో నయిదచ్చులు, పది హల్లులు. మన వర్ణమాలలోఁ గవర్గాంతమున నుండి యొంటరిగా నెన్నఁడును పలుకఁబడని ఙకారము వారి భాషలోఁ బదాదియందును స్వేచ్ఛగా వినఁబడును. ఈ వ్యాసమునఁ బఠనసౌకర్యమునకై మావోరీపదములలో సున్నతోను గకారముతోను వ్రాయఁబడినచోట్ల నుచ్చారణ మా ఙకారమే.

1837లో సంఘమువారి ముద్రాపకుఁడైన విలియం కొలెన్సో పైహియలోఁ గ్రొత్తనిబంధనమును మావోరీభాషలో నచ్చువేసెను. 1844లో విలియం విలియమ్సు కూర్చిన నిఘంటువు వెలువడెను; ఆయన కుమారుఁడును మనుమఁడును దానిని సంస్కరించి పెంచిరి. నేఁటికిని బరిశోధకులు దాని నాశ్రయింతురు. మావోరీలు చదువును బ్రీతితో గ్రహించిరి. చదువు నేర్చినవారిలోఁ బలువురు దూరగ్రామములకుఁ దామే పుస్తకమును గొనిపోయి బోధించిరి. అయినను మావోరీలలో మొదటివాఁడైన రోత వైతొవకు మతగురువులలోఁ గడపటి మెట్టయిన డీకనుపదవి లభించినది 1853లో. అనఁగా మొదటి యారాధనమునకుఁ బిమ్మట 39 సంవత్సరములకు. సువార్తను మోయుటకు మావోరీ పనికివచ్చెను; పీఠమునఁ గూర్చుండుటకుఁ బనికిరాఁడయ్యెను. వినకపోవుటకు మొదటి గుఱుతు ఇదియే.

సంధిపత్రము

1840 జనవరి మాసాంతమున విలియం హాబ్సను అను నౌకాసేనాని న్యూజీలండున దిగెను. నాయకుల సమ్మతి పొంది యా దేశమును విక్టోరియారాణి సార్వభౌమత్వమునకు లోఁబఱచుట యాతనికిఁ బ్రభుత్వ మప్పగించిన పని. ఆతఁడు, బ్రిటిషు ప్రతినిధిగా నంతకుముందే యున్న జేమ్సు బస్బీయు ఇంగ్లీషున సంధిపత్రము సిద్ధపఱచిరి. ఫిబ్రవరి 4వ తేది రాత్రి, చర్చి మిషనరీ సంఘపు బోధకులలో ముఖ్యుఁడైన హెన్రీ విలియమ్సు తన కుమారుఁడగు ఎడ్వర్డుతోఁ గూడి దానిని మావోరీభాషకుఁ దెచ్చెను. ఒక జాతి భవితవ్యమును నిర్ణయించు పత్రమునకు లభించిన యనువాదకాల మొక్క రాత్రి!

పత్రమున మూఁడు ప్రకరణములు. ఇంగ్లీషు పాఠమునందు మొదటి ప్రకరణముచే నాయకులు తమ సార్వభౌమత్వము నంతటిని రాణికి సమర్పించిరి. రెండవదానిచే భూములు, అడవులు, చేపలుపట్టు తావులు మొదలగునవి వారికి నిష్టమున్నంతకాలము వారి యనుభవముననే యుండును. మూఁడవదానిచే బ్రిటిషు ప్రజలకుఁ గల హక్కులు వారికిఁ గలుగును. మావోరీపాఠమునఁ గల భేదమును దెలిసికొనుటకుఁ గొంచెము వ్యాకరణము వలయును.

మావోరీభాషలో 'తంగ' యను ప్రత్యయము మన భావార్థకతద్ధితమువంటి పని చేయును. మన 'తనము' జ్ఞాపకమునకు వచ్చును గాని యది యాదృచ్ఛికమైన ధ్వనిసామ్యమే, బంధుత్వము కాదు. 'రంగతిర' యనఁగా నాయకుఁడు. 'రంగతిరతంగ' యనఁగా నాయకత్వము. 'కావన' యనునది 'గవర్నరు' అను నాంగ్లపదమునకు మావోరీల నోటఁ గలిగిన రూపము. 'కావనతంగ' యనఁగా గవర్నరుతనము. మొదటి ప్రకరణమున నాయకులు రాణి కిచ్చినట్లు మావోరీపాఠము చెప్పునది యీ 'కావనతంగ'. రెండవ ప్రకరణమున వారికే నిలుపఁబడినది 'తినో రంగతిరతంగ', అనఁగాఁ బరిపూర్ణమగు నాయకత్వము. అదియు భూములమీఁదను, గ్రామములమీఁదను, 'తావొంగ' యనఁబడు ప్రియవస్తువు లన్నిటిమీఁదను.

ఈ పదములను వినిన నాయకులకు వానియర్థ మెచ్చటినుండి వచ్చియుండును? బోధకు లిచ్చిన పుస్తకములనుండియే. మావోరీ సువార్తలలోఁ బొంతి పిలాతు 'కావన'. అతఁడు దూరమున నున్న చక్రవర్తిచే నియుక్తుఁడైన యధికారి. ప్రభుప్రార్థనయందు రావలెనని కోరఁబడు దేవుని రాజ్యము 'రంగతిరతంగ'. కావున పిలాతునకుఁ గల యధికారమును రాణి కిచ్చి, దేవుని రాజ్యమును జెప్పు పదముచేఁ జెప్పఁబడిన యధికారమును దమయొద్ద నుంచుకొంటిమని వారు గ్రహించినచో నందు వారి తప్పేమి? తెనుఁగునఁ జెప్పవలెనన్న, 'కలెక్టరుగిరి మీది, దొరతనము మాది' యని వారు సమ్మతించిరి. ఇంగ్లీషు కాగితమున మాత్రము దొరతనమే చేయి మాఱినది.

సార్వభౌమత్వమును దెలుపుటకుఁ దగిన పద మా భాషలో లేదనుటకు వీలులేదు. 1835 అక్టోబరు 28వ తేదిని ఉత్తరప్రాంత నాయకులు ప్రకటించిన స్వాతంత్ర్యపత్రమున నీ భావమునకే 'కీంగితంగ', 'మన' యను పదములు వాడఁబడినవి. 'మన' యనఁగాఁ బ్రభావము, ఆధిపత్యము, వంశగౌరవము అన్నియుఁ గలిసిన శక్తి. ఆ పత్రమును మావోరీభాషకుఁ దెచ్చినవాఁడును హెన్రీ విలియమ్సే. తమ 'మన'ను వదలుకొనుఁడని యడిగినచో నాయకులు చేవ్రాలు చేయరని యెఱిఁగి యాయన యా పదమును బరిహరించెనని కొందఱు చరిత్రకారులు చెప్పుదురు. గవర్నరు పాలనమును దెలుపుటకు సమీపమున నున్న పదమును సద్బుద్ధితోనే గ్రహించెనని మఱికొందఱు. ఆయన యంతరంగమున నేమున్నదో నిర్ణయింప నే నుత్సహింపను. నిర్ణయించుట యవసరమును గాదు. శాబ్దబోధము శ్రోతయందుఁ గలుగునది. వక్త తన గదిలో మఱియొక భాషలో వ్రాసికొన్న కాగితము శ్రోత కర్థము కానేరదు.

ఫిబ్రవరి 5వ తేదిని వైతంగిలో నాయకులు బహిరంగముగఁ జర్చించిరి. తె కెమర, రేవ మొదలగువారు గవర్నరు మాకు వలదనిరి. బోధకులును బస్బీయును గొన్న తమ భూములను దిరిగి యిమ్మని ముఖముననే యడిగిరి. ఆ ప్రసంగములను హాబ్సనునకుఁ దెలిపిన దుబాసియు విలియమ్సే. మఱునాఁడు చేవ్రాళ్లకు హోనె హెకె మొదటివాఁడుగాఁ బిలువఁబడుచుండఁగా, ముద్రాపకుఁడైన కొలెన్సో లేచి, ఈ నాయకులకుఁ బత్రముయొక్క తాత్పర్యము బోధపడినదని మీరు తలంచుచున్నారా యని హాబ్సను నడిగెను. తాను చేయఁగలిగినదెల్లఁ జేసితి నని యర్థము వచ్చునట్లు హాబ్సను బదులు చెప్పెను, పని సాగిపోయెను. ఈ సంగతిని గొలెన్సో తన వృత్తాంతమున వ్రాసి 1890లోఁ బ్రకటించెను. ఆ దినమున సభలో నున్న క్రైస్తవులలో, చెప్పఁబడినది వేఱు, వినఁబడినది వేఱు కావచ్చునని పైకిఁ బలికినవాఁ డక్షరములు పేర్చు పనివాఁడగుట చిత్రము. అతని ప్రశ్నకు సంఘము సమాధానము చెప్పుటకు శతాబ్దమునకుఁ బైగాఁ బట్టినది.

వైతంగిలో నా దినమునఁ జేవ్రాలు చేసినవారు 40 మందికిఁ బైగా. పిమ్మటఁ బత్రము దేశమంతటఁ ద్రిప్పఁబడఁగా మొత్తము 500 మందికిఁ బైగాఁ జేవ్రాళ్లు చేసిరి. ఇంగ్లీషు ప్రతిమీఁదఁ జేసినవారు 39 మంది మాత్రమే. తక్కినవారందఱును సమ్మతించినది మావోరీపాఠమునకు.

యుద్ధమును భూమియు

సంధిపత్రము తమ హక్కులకు రక్షయని బోధకులు చెప్పఁగా నాయకులు నమ్మిరి. ఆ నమ్మకమునకు బోధకుల శీలమే పూఁట. ఆ పూఁట చెల్లలేదు. హెన్రీ విలియమ్సు తన బిడ్డల జీవనమునకై యించుమించు 11,000 ఎకరములు గొనెను; ఆ వివాదమున సంఘమువారు 1849లో నాయనను దొలఁగించి 1854లో మరలఁ జేర్చుకొనిరి. 1860లో తారనాకి ప్రాంతమున వైతార భూమినిమిత్తము యుద్ధము పుట్టెను. అప్పుడు ఆక్టేవియసు హ్యాడ్‌ఫీల్డు అను బోధకుఁడు ప్రభుత్వమున కెదురు నిలిచి, భూమి విషయమున న్యాయము మావోరీలదియే యని వ్రాసి తనవారి నింద పడెను. బిషప్పు సెల్వినును ఆ చర్యను గర్హించెను. అట్టి సెల్వినే 1863లో వైకతొ దేశముమీఁదికి బ్రిటిషుసైన్యము పోయినప్పుడు సైనికులకు గురువుగా వెంట నడచెను. గాయపడినవారికిఁ దోడ్పడుటకే పోయితినని యాతని యభిప్రాయము. శత్రుసేనలోఁ దమ బిషప్పును జూచితిమని మావోరీల యభిప్రాయము. ఆకసమువంక చూచి ప్రార్థింపుఁడని మాకు నేర్పి, మేము తలయెత్తియుండఁగాఁ గాళ్లక్రింది నేలను లాగికొనిరను మాట నాఁటినుండియు మావోరీలలోఁ బ్రచారమున నున్నది.

ఇచ్చటఁ దౌరంగ వృత్తాంతమును గొంత విరివిగాఁ జెప్పవలెను. తౌరంగలోఁ తె పాప యనుచోట ఆల్‌ఫ్రెడు బ్రౌను అను బోధకుఁడు 1838, 1839 సంవత్సరములలో 1,333 ఎకరములు సంఘముపేరఁ గొనెను. ఆ భూమి తమ మేలుకొఱకే సంఘముచేత నుండునని యిచ్చటి మావోరీల విశ్వాసము. 1864 ఏప్రిలు 28వ తేది రాత్రి బ్రిటిషు సేనానులు కొందఱు బ్రౌనుగారి యింట భుజించిరి. మఱునాఁడు దగ్గఱనే యున్న పుకెహినహిన కోటమీఁద యుద్ధము. సుమారు 1,700 మంది బ్రిటిషువారిని సుమారు 230 మంది మావోరీలు మరలఁగొట్టిరి. ముందునాఁటి రాత్రి బ్రౌనుతోఁ గూడ భుజించిన సేనానులలో నించుమించుగ నందఱును జచ్చిరి.

ఆ కోటలో నున్నవారిలో హేనరె తారతొవ యొకఁడు. అతఁడు సెల్విను విద్యాలయమునఁ జదివిన క్రైస్తవుఁడు. యుద్ధమునకు ముందే నాయకుఁడగు రావిరి పుహిరకె పక్షమువారు బ్రిటిషు సేనానికి నొక లేఖ పంపిరి. దానిని వ్రాసినవాఁ డితఁడు. గాయపడినవారిని, ఆయుధము విడిచి శరణన్నవారిని, నిరాయుధులను, స్త్రీలను, పిల్లలను మేము చంపము అని యందలి నియమములు. ఆ నియమములు పాలింపఁబడినవి. ఆ రాత్రి కోటలోఁ బడి దప్పిచే నలమటించుచున్న శత్రువులకు హేని తె కిరి కరము అను మావోరీ వనిత ప్రాణములకుఁ దెగించి నీరు తెచ్చి యిచ్చెను. పగవాఁడు దప్పిగొన్నప్పుడు నీరిమ్మను మాట బోధకుల పుస్తకములోనిదే. ఆ పుస్తకమును జెప్పినవారెవ్వరు, వినినవారెవ్వరు? రెండు నెలలైనను గాకమున్న జూను 21వ తేదిని తె రంగవద్దఁ దారతొవయుఁ బుహిరకెయు నిహతులైరి. పిమ్మటఁ దౌరంగలో 290,000 ఎకరములు జప్తు చేయఁబడినవి. వానిలో 50,000 ఎకరములు ప్రభుత్వము తనకే యుంచుకొనెను. సంఘమువారు తె పాప భూమిలో నయిదింట నాలుగు పాళ్లను 1867లోఁ బ్రభుత్వమున కొప్పగించిరి. ప్రభుత్వ మొత్తిడి చేసినమాట నిజమే, ఒప్పగించినమాటయు నిజమే. దానిమీఁదనే తౌరంగ పట్టణము వెలసినది. ఎవరి మేలునకై యుంచఁబడెనో వారి నడిగినవారు లేరు.

వితీరెయియ భూమి కథ యింతకంటెఁ జిన్నది గాని దాని ఫలము పెద్దది. 1848లో ంగాతి తొవ జాతివారు పొరిరువకడ సుమారు 500 ఎకరములను దమ పిల్లల విద్యాలయమునకై దానము చేసిరి. 1850లోఁ బ్రభుత్వము దానికిఁ బట్టా బిషప్పుపేర నిచ్చెను. విద్యాలయము కట్టఁబడలేదు. దాతల వంశమువాఁడును శాసనసభలో సభ్యుఁడుగా నుండినవాఁడును నగు వీ పరత వెల్లింగ్టను బిషప్పుమీఁద వ్యాజ్యము వేసెను. 1877లో ప్రధాన న్యాయాధిపతి ప్రెండర్‌గాస్టు ఆ వ్యాజ్యమును గొట్టివేయుచు, వైతంగి సంధిపత్రము దేశాధిపత్యమును గూర్చినంతవఱకు నిరర్థకమైనదని తీర్పు చెప్పెను. ఆ తీర్పు చాలకాలము మావోరీల నోటికిఁ బెట్టిన బీగమయ్యెను. ఆ వ్యాజ్యమునఁ బ్రతివాదియగు బిషప్పు మఱెవ్వఁడో కాఁడు. 1860లో మావోరీలపక్షమునఁ గలము పట్టిన హ్యాడ్‌ఫీల్డే. ప్రభుత్వముయొక్క యన్యాయమునుగూర్చి వినుట సుకరము; తన చేతిలోని పట్టానుగూర్చి వినుట దుష్కరము. ఈ చరిత్రమంతటికి నిది సూత్రప్రాయమైన సంగతి.

భాషకును గతి యిట్లే పట్టినది. మొదటి బోధకుల బడులలోఁ జదువు మావోరీభాషలోనే సాగెను. 1867 నాఁటి శాసనముచే నేర్పడిన బడులలో ఇంగ్లీషు బోధనభాష యయ్యెను; క్రమముగా బడిలో మాతృభాష పలికిన పిల్లలకు దండనము సామాన్యమయ్యెను. వ్యాకరణమును నిఘంటువును అలమారులలో నుండెను. భాష మాత్రము పిల్లల నాలుకనుండి తొలఁగుచుండెను.

వినుట యెట్లు కలిగినది

క్రైస్తవసంఘము తనంతఁ దానై యొక ప్రభాతమున మేల్కొనెనని వ్రాయుట చరిత్రము కాదు. మావోరీలు విడువక చెప్పుచుండుటచేతనే వినుట కలిగినది. 1857లోఁ దెల్లవారు కూడి యేర్పఱచుకొన్న సంఘనిబంధనమున మావోరీల సమ్మతికిఁ దావు లేదు. తమకొక బిషప్పు కావలెనని వారు పలుమాఱు లడుగఁగా 1928లో ఫ్రెడరికు బెనెట్టు ఆవొతెయారోవ బిషప్పుగా నభిషిక్తుఁడయ్యెను. కాని యాయనకు స్వంతమండలము లేదు. వైయాపు బిషప్పునకు సహాయకుఁడు మాత్రమే. పేరు దేశమంతటికి, అధికారము మఱియొకని చేతిలో! వైతంగిపత్రమందలి చిక్కే సంఘముయొక్క యింటిలోను బునరావృత్తమైనది.

1972లో రెండు కార్యములు జరిగినవి. 30,000 మందికిఁ బైగాఁ జేవ్రాళ్లు చేసిన భాషారక్షణ విజ్ఞాపనము పార్లమెంటుకు సమర్పింపఁబడెను. అదే వత్సరమున రూత్ రాస్ అను చరిత్రకారిణి సంధిపత్రపాఠములను బరిశీలించి, నాయకులు సమ్మతించినది మావోరీపాఠమున కనియు, విచార మచ్చటనుండి మొదలుపెట్టవలెననియు నిరూపించెను. ఈమె చేసినది పాఠపరిష్కర్తలమైన మనము నిత్యము చేయు పనియే. మూల మేది, అనువాద మేది యని యడుగుట. కాని కొన్ని ప్రశ్నలకు సమయము వచ్చినచో నవి రాజ్యములను గదల్పఁగలవు. 1975లో వైతంగి విచారణమండలి యేర్పడెను; 1985లో దాని యధికారము 1840వఱకుఁ గల ఫిర్యాదులకు విస్తరింపఁబడెను. 1982లో శిశువులకు మాతృభాష నేర్పు 'కోహంగ రేయో' మొదలయ్యెను. 1987లో మావోరీ రాజభాషలలో నొకటియయ్యెను. 1840 ఫిబ్రవరిలోఁ జేవ్రాలు చేసిన నాయకులు సార్వభౌమత్వమును వదలుకొనలేదని యా మండలి 2014లోఁ దీర్మానించినది. కొలెన్సో ప్రశ్నకుఁ బ్రభుత్వసంస్థ యొకటి యట్లు సమాధానము చెప్పినది.

ఆంగ్లికను సంఘమునకు సంబంధించిన ఘట్టములు మూఁడు. మొదటిది వాక్కు. 1990 ఫిబ్రవరి 6వ తేదిని, సంధికి 150 సంవత్సరములు నిండిన యుత్సవమున, ఎలిజబెత్తు రాణి యెదుట ఆవొతెయారోవ బిషప్పు వకహుయిహుయి వెర్కో ప్రసంగించెను. మంగళవాక్యములు పలుకవలసిన తావున నాయన, ఈ పత్రము గౌరవింపఁబడలేదనియు, తనవా రొకమూలకు నెట్టఁబడిరనియు సభాముఖమునఁ జెప్పెను. కొందఱికిఁ గోపము వచ్చినది. కాని నూటయేఁబదియేండ్లుగా దుబాసిద్వారమున వినఁబడిన మాట యానాఁడు బిషప్పు వేషమున, ఇంగ్లీషున, తప్పించుకొన వీలులేకుండ వినఁబడినది.

రెండవది పీఠము. 1992లో సంఘము తన పూర్వనిబంధనమును మార్చి, మావోరీ, పాకెహా (అనఁగాఁ దెల్లవారు), పసిఫికుద్వీపవాసులు అను మూఁడు 'తికంగ'లుగాఁ దన్ను దాను బునర్నిర్మించుకొనెను. 'తికంగ' యనఁగా నాచారము, మార్గము. మహాసభలో నొక్క తికంగవారు కోరినను నోట్లు వేర్వేఱుగా లెక్కింపఁబడును; మూఁడును సమ్మతింపనిది తీర్మానము కాదు. సంఖ్యలో నధికులైన తెల్లవా రొక యల్పసంఖ్యాకజాతికిఁ గాదనుటకు హక్కు నిచ్చిరన్నమాట. కాదనుటకు హక్కు లేనివాని యౌనను మాటకు విలువ లేదు. 1840లోఁ గొఱఁతపడినది యిదియే.

మూఁడవది భూమి. 2018లో ఆంగ్లికను సంఘము తౌరంగలో ంగాయి తమరావహొ, ంగాతి తపు జాతులవారిని గలిసికొని, తె పాప భూమి విషయమునఁ దాము చేసినది ద్రోహమని యొప్పుకొని క్షమాపణము వేఁడెను. పట్టణమును దిరిగి యిచ్చుట సాధ్యము కాలేదు. కాని తప్పును తప్పని, భూమి పేరుపెట్టి, వంచితుల వంశజుల యెదుట నిలిచి చెప్పుట 151 సంవత్సరములలో నదియే మొదలు.

ఆక్షేపములు

పూర్వులు చేసినదానికి నేఁటివారు క్షమాపణము చెప్పనేల యని యొక యాక్షేపము. పైతృకధనమును గ్రహించినవాఁడు పైతృకఋణమును దీర్పవలెనని మన ధర్మశాస్త్రకారుల మతము. ఆస్తి మాది, అప్పు మాది కాదనువానిని మన పల్లెల రచ్చబండమీఁదను మన్నింపరు. మందిరమును, నిధియును, పేరును దాయముగాఁ బొందిన సంఘమున కా న్యాయము వర్తింపకుండుటకుఁ గారణము కానరాదు.

క్షమాపణము మాట మాత్రమే కదా యని రెండవ యాక్షేపము. ఇందు సత్యము కలదు. అర్థము వెంటరాని శబ్ద మెట్టిదో, ప్రతిక్రియ వెంటరాని క్షమాపణ మట్టిది. కావుననే 1992 నాఁటి మార్పు 2018 నాఁటి మాటకంటెఁ గొంత గట్టిదని నా తలంపు. ఏలయన నది యధికారమును బంచినది. ఈ పరీక్ష యొకమాఱు జరిగి ముగియునది కాదు. 2024లో సంధిపత్రసూత్రములను శాసనముచేఁ గ్రొత్తగా నిర్వచింపఁబూనిన బిల్లు పార్లమెంటుకు రాఁగా, పలుశాఖల క్రైస్తవనాయకులు దానిని వ్యతిరేకించుచు బహిరంగలేఖ వ్రాసిరి. 2025 ఏప్రిలు 10వ తేదిని 11 మంది యనుకూలురు, 112 మంది ప్రతికూలురు కాఁగా నా బిల్లు వీగిపోయెను. 1860లో నొంటరిగా నున్న హ్యాడ్‌ఫీల్డు కలమునకు నీనాఁడు తోడు దొరకినది.

బోధకులవలన మేలేమియుఁ గలుగలేదా యని మూఁడవ ప్రశ్న. కలిగినది; దానిని దాఁచుట యన్యాయము. వారు కూర్చిన లిపిలోనే సంధిపత్రము మావోరీభాషలో నిలిచినది. వారి నిఘంటువే భాష నుద్ధరించువారి చేతిలో నుపకరణమైనది. విలియమ్సు రాత్రివేళ వ్రాసిన యా 'రంగతిరతంగ' పదమే నేఁడు మావోరీల వాదమునకుఁ బట్టుగొమ్మ. వ్రాసినవాఁడు మఱచినను అక్షరము మఱవదు. తన యుద్దేశమునకు వ్యతిరేకముగా నయినను సాక్ష్యము చెప్పును.

వ్యాకరణము చదివిన మావంటివారికి శబ్దసాధుత్వముమీఁదఁ గల ప్రీతి యొక్కొకప్పుడు పదము పలికిన మనుష్యుని మఱపించును. ప్రకృతిప్రత్యయముల విభాగము చేసి పదమును వశపఱచుకొంటిమని సంతసింతుము. పదమును గైకొన్నవాఁడు దాని యర్థమునకును బద్ధుఁడు కావలెనని న్యూజీలండు చరిత్రము నేర్పుచున్నది. మన దేశముననైనను, కొండలలోను నడవులలోను నుండువారి భాషలను వ్రాసికొనుటకుఁ బుస్తకమును గలమును బట్టుకొని పోవు పండితులు కలరు. వారు సేకరించు పదములలో 'మా భూమి' యను పద మొకటి తప్పక యుండును. దానిని జాబితాలో నెక్కించుకొనుటతోఁ బని ముగియదు. చెప్పినవాఁ డింకను ఎదుటనే యున్నాఁడు.